నాన్న గురించి సాక్ష్యం చెప్పమన్నారు: ఒక కేస్ స్టడీ

క్రైస్తవ కుటుంబాలకు కౌన్సెలింగ్ చేసే పనిలో నాకు తరచుగా ఎదురయ్యే వాక్యం నిర్గమకాండము 20:12. "నీ తండ్రిని నీ తల్లిని సన్మానింపుము." మా లూథరన్ సంఘాల్లో దీన్ని నాలుగో ఆజ్ఞగా నేర్పుతారు, మిగతా ప్రొటెస్టెంట్ సంఘాల్లో చాలావరకు ఐదోది. లెక్క ఏదైనా, దెబ్బలు తిని పెరిగిన పిల్లలకు ఈ ఆజ్ఞ మిగతా తొమ్మిదిటి కంటే బరువుగా ఉంటుంది. వాళ్లు దీన్ని మీరాలని అనుకోరు. ఎలా నెరవేర్చాలో తెలియక నలిగిపోతారు. నా దగ్గరికి వచ్చిన ఒక స్త్రీ కేసు అలాంటిదే. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. ఊరు, వయసు, ఉద్యోగం, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను.

నేపథ్యం

ఆమెకు నలభై దాటాయి. డెల్టాలోని ఒక పట్టణంలో స్టాఫ్ నర్సు. భర్త, ఇద్దరు పిల్లలు. తల్లిదండ్రులు సొంత ఊళ్లో ఉంటారు, బస్సులో గంటన్నర. తమ్ముడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. తండ్రి చిన్న ప్రైవేటు ఉద్యోగం చేసి విరమించారు, పెన్షన్ లేదు. షుగర్ ఉంది. ఒకసారి పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి బలహీనపడింది. చాలా ఏళ్లు సంఘ పెద్దగా ఉన్నారు. మంచి గొంతు, ఆయన కీర్తన ఎత్తుకుంటే గుడి అంతా అందుకుంటుంది.

ఇంట్లో మాత్రం వేరే మనిషి. కూరలో ఉప్పు ఎక్కువైతే కంచం గోడకు తగిలేది. తల్లిని కొట్టేవారు. పిల్లలకు బెల్టు. శనివారం రాత్రి గొడవ జరిగితే, ఆదివారం ఉదయం తల్లి బుగ్గ మీద పౌడర్ మందంగా అద్దుకుని, కొంగు ఆ పక్కకు లాక్కుని గుడికి బయల్దేరేది. అద్దం ముందు అమ్మ అలా నిలబడటం ఆమెకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది.

తాగుడు లేదు. దానివల్ల పిల్లల బాధ ఇంకా పెరిగిందని నా అభిప్రాయం. తాగే తండ్రి అయితే సంఘంలో ఎవరో ఒకరు "పాపం ఆ పిల్లలు" అని ఉండేవారు. ఇక్కడ ఆ మాట అన్నవాళ్లే లేరు.

ఏ సమస్యతో వచ్చింది

మొదట చెప్పింది నిద్ర గురించి. నైట్ డ్యూటీ లేని రోజుల్లో కూడా తెల్లవారుజామున మెలకువ వస్తోంది, గుండె దడదడ కొట్టుకుంటోంది. బీపీ కూడా పెరిగింది. ఎప్పటి నుంచి అని అడిగితే, తండ్రికి డెబ్బై నిండే సందర్భంగా కృతజ్ఞతా కూటం పెడదామని తమ్ముడు ఫోన్ చేసినప్పటి నుంచి అంది. పెద్ద కూతురుగా ఆమె లేచి నాన్న గురించి సాక్ష్యం చెప్పాలి, అంటే ఆయన ద్వారా దేవుడు చేసిన మేలును అందరి ముందు చెప్పాలి. తమ్ముడు మాటలు కూడా వాట్సాప్‌లో రాసి పంపాడు. "మా నాన్న ప్రార్థనాపరుడు, ఆదర్శ తండ్రి, ఇంటిని దేవుని భయంలో నడిపించారు" అని.

"అక్కా, నేను చెప్పకపోతే తండ్రిని అవమానించినట్టు. చెబితే దేవుని ముందు అబద్ధం ఆడినట్టు. ఏ పాపం చెయ్యమంటారు?"

ఇది మాటకు అన్న ప్రశ్న కాదు. ఆ రెండే దారులున్నాయని ఆమె నిజంగా నమ్మింది. నేను చేయాల్సిన పని నాకు అక్కడే కనపడింది.

అయితే దానికంటే ముందు వేరే ప్రశ్నలు అడగాలి. ఇప్పుడు ఇంట్లో చెయ్యి లేస్తోందా? లేదు, పక్షవాతం వచ్చాక ఆగిపోయింది. మాటలు మాత్రం ఆగలేదు. సంఘంలో ఇప్పుడు పిల్లల మీద ఆయనకు ఏమైనా అధికారం ఉందా, సండే స్కూల్ లాంటిది? లేదు. మనవల్ని సెలవులకు ఒంటరిగా అక్కడ వదులుతున్నారా? వదలడం లేదు. లైంగికంగా ఏమైనా జరిగిందా? ఆ మాట తిన్నగా అడిగాను, లేదని ఆమె తిన్నగానే చెప్పింది. ఈ నాలుగింటిలో ఏ ఒక్క జవాబు వేరుగా ఉన్నా ఈ కేసు ఈ దారిలో నడిచేది కాదు. ముఖ్యంగా పిల్లల మీద లైంగిక హింస జరిగిందని తెలిస్తే, 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయవచ్చు. అలాంటిచోట "సన్మానింపుము" అని వాక్యం చెప్పి సర్దుబాటు చేసేవాళ్లు దేవుని పక్షాన మాట్లాడటం లేదు.

నిద్ర, బీపీ సంగతి డాక్టరుకు చూపించుకోమన్నాను. నర్సులు తమ బీపీని తామే చూసుకుని ఊరుకుంటారు, అందుకని గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

నా దగ్గరికి రాకముందు చేసినవి

పెళ్లయిన కొత్తలో ఒక సేవకుడి దగ్గర తన బాధ చెప్పుకుంది. ఆయన "నువ్వే వెళ్లి నాన్న కాళ్ల మీద పడి క్షమాపణ అడుగు, ఆశీర్వాదం వస్తుంది" అన్నారు. వెళ్లి పడింది. తండ్రి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించి, ఆ తర్వాత నెల నుంచి జీతంలో ఎక్కువ అడగడం మొదలుపెట్టారు. చెయ్యని తప్పుకు క్షమాపణ అడిగితే ఇంట్లో లెక్క తలకిందులవుతుంది. కొట్టినవాడు క్షమించేవాడవుతాడు.

తర్వాత చాలాకాలం ప్రతి నెలా డబ్బు తండ్రి చేతిలో పెట్టింది. అదే సన్మానం అనుకుంది. ఆ డబ్బులో ఎక్కువ భాగం గుడి కట్టడానికి ఆయన పేరు మీద కానుకగా వెళ్లేది. తల్లికి రెండు కళ్లలో శుక్లాలు ముదిరిపోయినా ఆపరేషన్‌కు డబ్బు లేదనేవారు.

ఆ సంగతి తెలిసిన కోపంలో ఒక ఏడాది ఫోన్ ఎత్తడం మానేసింది. ఆ ఏడాది ఆమెకు కొంత నిద్ర పట్టింది, నిజమే. కానీ తండ్రికి పక్షవాతం వచ్చిన కబురు పక్కింటివాళ్ల ద్వారా తెలిసింది. అప్పటి నుంచి తప్పు చేశానన్న భావన రెట్టింపై మళ్లీ డబ్బు చేతిలో పెట్టడం మొదలైంది.

ఫలించనిది

నేను మొదట ఎంచుకున్న మార్గం తండ్రీ కూతుళ్లను ఎదురెదురుగా కూర్చోబెట్టడం. కారణాలు ఉన్నాయి. మత్తయి 18:15లో ప్రభువు చెప్పిన క్రమం అదే, ముందు వెళ్లి అతనితో మాట్లాడాలి. పైగా ఆమె లోలోపల కోరుకుంటున్నది ఒక్క మాట: "తప్పయిందమ్మా." ఆ ఒక్క మాటతో ఏళ్ల బరువు దిగిన కుటుంబాలను నేను చూశాను. ఆయన పెద్దవయసులో ఉన్నారు, చెయ్యి ఆడటం లేదు, మెత్తబడి ఉండవచ్చు. ఆమెకు భద్రత ఉండేలా సంఘ కాపరి గదిలో, ఆయన సమక్షంలో పెట్టాం. ఏం చెప్పాలో ముందే రాసుకుని వచ్చింది, మూడు సంఘటనలు, నింద మాటలు లేకుండా.

తండ్రి పూర్తిగా విన్నారు. విని, సామెతలు 13:24 చెప్పారు. "బెత్తము వాడనివాడు తన కుమారునికి విరోధి." ఆ తర్వాత, "కొట్టబట్టే నర్సు అయ్యావు. ఆ రోజుల్లో ఎవరు కొట్టలేదు?" అన్నారు. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఇప్పుడవన్నీ ఎందుకమ్మా, ఆయనకు బీపీ పెరుగుద్ది" అంది. కాపరి ప్రార్థన చేసి ముగించారు.

ఆ తర్వాత కొన్ని వారాలు ఆమె నిద్ర ఇంకా పాడైంది. ఈ మార్గం ఎందుకు పని చేయలేదో ఆలోచిస్తే, ఆమె విడుదల తాళం చెవి మళ్లీ తండ్రి చేతికే వెళ్లింది. ఆయన ఒప్పుకుంటేనే ఆమెకు శాంతి అన్నట్టయింది. ఆజ్ఞను చూడండి. "తమ తప్పు ఒప్పుకున్న తల్లిదండ్రులను" అని అందులో లేదు, "మంచి తల్లిదండ్రులను" అని కూడా లేదు. దీన్ని చాలామంది పిల్లల మీద భారంగానే చదువుతారు. నాకు ఇందులో ఆమెకు కావలసిన స్వేచ్ఛ కనిపించింది. ఆయన మారినా మారకపోయినా ఆమె తన వంతు చేసుకుపోవచ్చు. ఆ వంతు ఏమిటో తేల్చుకోవాలి, అంతే.

దారి దొరికిన చోటు

తండ్రికి ఒక ఉత్తరం రాయమన్నాను, పంపడానికి కాదు. కోపమంతా అందులో పెట్టమన్నాను. నాలుగు పేజీలు తెచ్చింది. మూడో పేజీ మధ్యలో, బెల్టు గురించి రాస్తూ రాస్తూ ఒక వాక్యం వచ్చింది. పదో తరగతి పరీక్షల ముందు రాత్రి కరెంటు పోతే, నాన్న కిరసనాయిలు లాంతరు చేత్తో పట్టుకుని, దోమలు కుట్టకుండా రెండో చేత్తో విసనకర్ర విసురుతూ, ఆమె లెక్కలు పూర్తయ్యేదాకా కూర్చున్నారు. ఆ వాక్యం ఎందుకు రాశావని అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "రెండూ ఆ మనిషే చేశాడక్కా" అంది.

అక్కడి నుంచి పని తేలికైంది. విధేయత, పోషణ, పొగడ్త అనే మూడింటినీ అందరూ ఒకే ముద్దగా చేసి ఆమెకు సన్మానం అని ఇచ్చారు. వాటిని విడదీశాం.

విధేయత గురించి ఎఫెసీయులకు 6:1 పిల్లలతో మాట్లాడుతుంది. ఆమెకు సొంత ఇల్లు, భర్త ఉన్నారు. తండ్రి చెప్పిన ప్రతిదీ చెయ్యడం ఇప్పుడు ఆమె మీద లేదు. ఆ అధ్యాయంలోనే నాలుగో వచనం తండ్రులకు కూడా ఉంది, "మీ పిల్లలకు కోపము రేపక" అని. మన ప్రసంగాల్లో మొదటి మూడు వచనాలు వినపడినంతగా నాలుగోది వినపడదు.

పోషణ మాత్రం ఆమె మీద ఉంది. ఈ విషయంలో నేను మెత్తగా మాట్లాడలేదు. మార్కు 7లో యేసు ఈ ఆజ్ఞను వివరించింది డబ్బు విషయంలోనే. తల్లిదండ్రులకు అందాల్సినదాన్ని కొర్బాను, దేవునికి అర్పితం అని చెప్పి తప్పించుకునేవాళ్లను గట్టిగా గద్దించాడు. ఆ భాగం చదువుతుంటే ఆమే ఆగి, "మా ఇంట్లో నాన్నే అమ్మకు కొర్బాను చేస్తున్నాడు" అంది. నేను చెప్పాల్సిన మాట ఆమె చెప్పేసింది. ఆజ్ఞలో తండ్రితో పాటు తల్లి కూడా ఉంది. లేవీయకాండము 19:3లో అయితే తల్లి పేరే ముందు వస్తుంది. తండ్రిని సన్మానించే పద్ధతి వల్ల తల్లి చూపు పోతుంటే, ఆ పద్ధతి ఆజ్ఞలో సగాన్ని కొట్టేస్తున్నట్టే.

కాబట్టి డబ్బు వెళ్లే దారి మార్చింది. ఊళ్లోని మందుల షాపుకు, కిరాణా కొట్టుకు నెల నెలా నేరుగా ఫోన్‌పే. షుగర్ పరీక్షలకు ల్యాబ్ అబ్బాయి ఇంటికే వస్తాడు. తండ్రి చేతికి కూడా నెలకు కొంత ఇవ్వమని నేనే పట్టుబట్టాను. డెబ్బై ఏళ్ల మనిషి జేబులో రూపాయి లేకుండా, టీ తాగడానికి కూడా కూతుర్ని అడగాల్సి రావడం అవమానం. పాత లెక్క తీర్చుకోవడానికి డబ్బును వాడుకుంటే ఆమె కూడా అదే దారిలో పడుతుంది. ఆ సొమ్ము ఆయన కానుకగా ఇచ్చినా, జంతికలు కొనుక్కున్నా లెక్క అడగకూడదని అనుకున్నాం.

తల్లిని కంటి ఆస్పత్రికి తీసుకెళ్లే రోజు అసలు పరీక్ష. చెప్పకుండా తీసుకెళ్లిపోదామా అని ఆలోచించింది. వద్దన్నాను. దొంగచాటుగా చేస్తే ఇంట్లో ఇంకా భయమే ఏలుతున్నట్టు. ఆమె వెళ్లి, కూర్చుని, తండ్రితో అంది: "నాన్నా, అమ్మకు గురువారం ఆపరేషన్. మీకు చెబుతున్నాను, అడగడం లేదు. మీ భోజనం సంగతి పక్కింటి పిన్నిగారికి చెప్పాను." ఆయన అరిచారు. ఆమె గొంతు పెంచలేదు, నిర్ణయం మార్చలేదు. అరుపు పెరిగేసరికి లేచి, "మళ్లీ గురువారం వస్తాను నాన్నా" అని చెప్పి బస్సెక్కింది. ఆపరేషన్ అయ్యింది.

తమ్ముడు మొదట్లో "ఆడపిల్లవి, నీకెందుకు ఈ పెత్తనం" అన్నాడు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కొడుకుతో సమానంగా కూతురినీ బాధ్యురాలిని చేసిందని చెప్పాక, తన వంతు కూడా అడుగుతారేమో అనుకుని మౌనం వహించాడు. తర్వాత కొంత పంపడం మొదలుపెట్టాడు. ఎక్కువేమీ కాదు.

కూటం

ఇక మిగిలింది పొగడ్త. కూటానికి వెళ్లకుండా నైట్ డ్యూటీ వేయించుకుంటానంది మొదట. అది ఇంకో అబద్ధం. పైగా సాక్ష్యం గురించిన భయం అలాగే ఉండిపోతుంది. అందరి ముందు ఉన్నదంతా చెప్పేస్తే? దాన్ని నేను కొట్టిపారేయలేదు. ఆయన ఇంకా పిల్లల మీద అధికారంలో ఉంటే, సంఘానికి తెలియాలి. కానీ ఇక్కడ ఆ రాత్రి మైకు కట్టేశాక ఆయనతో ఒంటరిగా ఇంట్లో ఉండేది తల్లి. ఆ ఖరీదు తల్లి కట్టాలి. ఆమే వద్దనుకుంది.

కూటం ఏర్పాటు చేస్తున్న ఒక పెద్దాయన ఆమెకు నోవహు కథ గుర్తుచేశారు. తాగి బట్టలు లేకుండా పడి ఉన్న తండ్రిని కొడుకులు షేము, యాపెతు వెనక్కి నడిచి వస్త్రంతో కప్పారు, నువ్వూ కప్పాలమ్మా అని. ఆ మాట ఆమెను మళ్లీ వెనక్కి లాగింది. ఆదికాండము 9 తీసి ఇద్దరం చదివాం. ఆ కొడుకులు తండ్రి నలుగురి నవ్వులపాలు కాకుండా కప్పారు. నాన్న తాగలేదని ఎక్కడా చెప్పలేదు. తాగాడని రాసిన వచనం బైబిల్లో అలాగే ఉంది.

ఆమెకు నిజంగా పనికొచ్చింది దావీదు. రాజైన సౌలు దావీదుకు మామ. ఈటె విసిరాడు, కొండల్లో వేటాడాడు. ఏన్గెదీ గుహలో చిక్కినప్పుడు దావీదు అతన్ని చంపలేదు, బయటికి వచ్చి "నా తండ్రీ" అని పిలిచాడు. సౌలు ఏడ్చాడు, నీవు నాకంటే నీతిమంతుడవు అన్నాడు. అంత జరిగాక కూడా 1 సమూయేలు 24 చివరి వచనంలో సౌలు ఇంటికి వెళ్లాడు, దావీదు కొండస్థలానికి వెళ్లాడు. మళ్లీ సౌలు ఇంట్లో ఉండటానికి పోలేదు. సౌలు చనిపోయాక 2 సమూయేలు 1లో దావీదు పాడిన విలాపగీతం చదివించాను. అందులో సౌలు శూరత్వం ఉంది, ఇశ్రాయేలు స్త్రీలకు అతనిచ్చిన ఎర్రని వస్త్రాలు, బంగారు నగలు ఉన్నాయి. నీతిమంతుడైన రాజు అని, దేవుని మాట విన్నాడని ఒక్క ముక్క లేదు. నిజంగా ఉన్న మంచిని మనస్ఫూర్తిగా చెప్పాడు, లేనిదాన్ని కల్పించలేదు.

ఆమె తన సాక్ష్యాన్ని తనే రాసుకుంది. తమ్ముడి మెసేజ్‌లో ఒక్క మాట కూడా తీసుకోలేదు. కూటంలో ఇలా చెప్పింది:

"ప్రభువు నామంలో వందనాలు. ఆడపిల్లను హాస్టల్‌కు పంపొద్దని ఊళ్లో అందరూ అన్నప్పుడు మా నాన్న నన్ను పంపారు. పదో తరగతి పరీక్షలప్పుడు కరెంటు పోతే లాంతరు పట్టుకుని నాతోపాటు మేలుకున్నారు. పాటలు నేర్పింది నాన్నే. మా అమ్మ చెవుల కమ్మలు తాకట్టు పెట్టి నా నర్సింగ్ ఫీజు కట్టింది. అమ్మ పడ్డ కష్టం దేవుడికి తెలుసు. వీళ్లిద్దరినీ చివరిదాకా చూసుకునే కృప మాకు ఇవ్వాలని ప్రార్థించండి."

కూర్చుంది. "ఇంత క్లుప్తంగానా అమ్మా" అన్నారు ఒకరు. తల్లి మాత్రం తన పేరు వినపడగానే తల ఎత్తి చూసిందట, అప్పటిదాకా మాట్లాడినవాళ్లెవరూ ఆమె ఊసు ఎత్తలేదు. భోజనాల దగ్గర తండ్రి, "లాంతరు సంగతి నీకు గుర్తుందా?" అని అడిగారు. "గుర్తుంది నాన్నా, అన్నీ గుర్తున్నాయి" అంది. ఆయన ఇంకేమీ అనలేదు. ఇప్పటికీ క్షమాపణ అడగలేదు.

ఇప్పుడు

నిద్ర చాలావరకు కుదుటపడింది, బీపీ మందు కొనసాగుతోంది. పండక్కి వెళ్తుంది, రాత్రికి ఉండదు. పిల్లల్ని వెంట తీసుకెళ్తుంది, వెంటే తీసుకొస్తుంది. క్షమించావా అని ఎవరైనా అడిగితే "రోజూ మొదలుపెడుతున్నాను" అంటుంది. దాన్ని నేను తొందరపెట్టను. తండ్రి గొంతు ఫోన్‌లో పెరిగితే ఇప్పటికీ చేతులు చల్లబడతాయని చెబుతోంది.

ఈ కేసు నా పనిలో మార్చినవి

"తల్లిదండ్రులను సన్మానించలేకపోతున్నాను" అని ఎవరైనా వస్తే ఇప్పుడు నేను క్షమాపణ దగ్గర మొదలుపెట్టను. డబ్బు ఎవరి చేతికి వెళ్తోంది, మందులు అందుతున్నాయా, తల్లిదండ్రుల్లో రెండో వ్యక్తి పరిస్థితి ఏమిటి అని అడుగుతాను. ఈ ప్రశ్నలకు జవాబులు దొరికితే సగం అపరాధభావం ఎక్కడి నుంచి వస్తోందో బయటపడుతుంది. చాలామంది ఇవ్వాల్సిన చోట ఇవ్వకుండా, ఇవ్వక్కర్లేని చోట ప్రాణం పెట్టేస్తుంటారు.

ముఖాముఖి కూర్చోబెట్టడం మానలేదు. కానీ అవతలివాళ్లు ఒప్పుకోకపోతే ఆ రాత్రి నువ్వేం చేస్తావు అన్న ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉన్నాకే పెడుతున్నాను. ఆ జవాబు లేనివాళ్లకు ముందు ఉత్తరం.

అందరికీ లాంతరు ఉండదని కూడా చెప్పాలి. ఉత్తరం నిండా వెతికినా ఒక్క మంచి జ్ఞాపకం దొరకనివాళ్లు వస్తారు. వాళ్లను బలవంతంగా ఏదో ఒకటి గుర్తు తెచ్చుకోమనను. వాళ్ల విషయంలో సన్మానం అంటే మందులు, తిండి, పలకరింపులో మర్యాద, ఊళ్లో ఎగతాళి చేయకుండా ఉండటం. అవి చాలు. దగ్గరికి వెళ్తే ప్రమాదం ఉన్నవాళ్లు వేరే మనిషి ద్వారా ఏర్పాటు చేయవచ్చు. సౌలు తరుముతున్నప్పుడు దావీదు తన తల్లిదండ్రులను మోయాబు రాజు దగ్గర ఉంచి వెళ్లాడు, 1 సమూయేలు 22లో ఉంది. దగ్గరుండి చూడలేదని అతన్ని ఎవరూ తప్పుపట్టలేదు.

సంఘ కాపరులకు ఒక విన్నపం. కృతజ్ఞతా కూటాల్లో, సమాధి కార్యక్రమాల్లో పిల్లల్ని సాక్ష్యానికి పిలిచేముందు ఒక్కొక్కరినీ విడిగా, ఫోన్‌లో కాకుండా ఎదురుగా అడగండి: "మాట్లాడాలని ఉందా అమ్మా, లేక పాట ఒకటి పాడి కూర్చుంటావా?" రెండోది ఎంచుకున్నవాళ్లను కారణం అడగవద్దు.